కొమ్ము పిడి పగిలితే జిగురు కంటే ముందు చేయాల్సిన పనులు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ. మీ తాతగారి బ్రిటిష్ కాలం నాటి రివాల్వర్ ఇప్పుడు మీ నాన్నగారి లైసెన్సు మీద ఉంది. పిడికి రెండు పక్కలా ఉన్న నల్ల కొమ్ము పలకల్లో ఒకటి స్క్రూ దగ్గర మొదలై కిందికి పగిలింది. ఫెవిక్విక్ వేస్తే సరిపోతుందా, లేక పర్లాకిమిడి వెళ్లి కొత్త పలకలు చేయించుకోవాలా అని అడిగారు.

కొత్తవి చేయించకండి. ముక్క పోకుండా పగిలిన కొమ్ము బాగవుతుంది. పైగా పాత ఆయుధానికి మొదటి నుంచీ ఉన్న పలకలే దాని విలువలో పెద్ద భాగం, పగులు ఉన్నా సరే. ఫెవిక్విక్ కూడా పనికొస్తుంది. కాకపోతే అది అన్నిటికంటే చివరి పని, అన్నిటికంటే చిన్న పని. ఆ పలక ఎందుకు పగిలిందో కనుక్కుని, ఆ కారణం తీసేయకుండా అతికిస్తే అదే చోట మళ్లీ పగులుతుంది. లేదంటే ఆ పక్కనే ఇంకో చీలిక తీస్తుంది.

నాది పర్లాకిమిడే. ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే ఆంధ్రలోని పాతపట్నం. 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉన్న ఊరు కాబట్టి ఇప్పటికీ బజార్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. మా ఊరి కొమ్ము కొంగలు, రొయ్యలు, దువ్వెనలు మీరు చూసే ఉంటారు. నేను పుట్టుకతో ఆ పనివాణ్ణి కాదు, ఆ పనివాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నవాణ్ణి. చేతికర్రల తలలు, పాత కత్తుల పిడులు బాగుచేశాను. మా చిన్నాన్న లైసెన్సు రివాల్వర్ పలకలు కూడా బాగుచేశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు చట్టం సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చేసేవాడికి దానికి వేరే లైసెన్సు ఉండాలి. కొమ్ముతో కొంగలు చెక్కే మనిషికి అది ఉండదు కదా. అందుకని రివాల్వర్ సంచిలో వేసుకుని పర్లాకిమిడి బస్సెక్కొద్దు. అది ఆయనకూ ముప్పే, మీకూ ముప్పే. మీది శ్రీకాకుళం వైపు లైసెన్సు అయితే అది ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. రాష్ట్రం దాటాక ఆ హద్దు చాలా ముఖ్యం. లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర, నాన్నగారు పక్కనుండగా, ఖాళీ చేసి చూసుకున్నాక పలకలు ఊడదీయించండి. ఆయుధం తిరిగి ఇంటికో, లేక డీలర్ దగ్గర డిపాజిట్‌కో వెళ్లిపోవాలి. చట్టంలో ఆయుధాలు అన్నప్పుడు విడిభాగాలు కూడా వస్తాయి. కాబట్టి వట్టి పలకలు బయటికి తీసుకెళ్లే ముందు కూడా ఆ డీలర్‌నో, కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌లోనో ఒక్క మాట అడగండి.

పలకలు చేతికొచ్చాక చూడాల్సింది అది నిజంగా కొమ్మేనా అని. నల్లగా, గళ్లు చెక్కి ఉంటే అందరూ కొమ్మనే అనేస్తారు. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ పలకలు వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే అమెరికన్ రివాల్వర్‌కి కూడా 1880ల నుంచి గట్టి రబ్బరు పలకలు వచ్చాయి. వల్కనైట్ ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే గోధుమ రంగుకి తిరుగుతుంది. బొటనవేలితో వేడెక్కేదాకా గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తుంది. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. దానికి నిప్పు చటుక్కున అంటుకుంటుంది, దాని దగ్గరికి వేడి సూది తీసుకెళ్లకండి. ఈ రెండూ కాదని తేలాక పలక వెనక, ఎవరికీ కనబడని మూల, కాల్చిన సూది మొన ఒక్కసారి తాకించండి. జుట్టు కాలిన వాసన వస్తే కొమ్మే. మన గోళ్లూ జుట్టూ ఏ కెరాటిన్‌తో తయారయ్యాయో కొమ్మూ దానితోనే తయారైంది. పలక వెనక స్పాంజిలా సన్నటి రంధ్రాలు కనిపిస్తే అది కణితి, అంటే సాంబార్ జింక కొమ్ము. అది ఎముక, దాని కథ వేరు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి దానికి కొత్త ముక్క కొనే ఆలోచన పెట్టుకోకండి.

కొమ్మే అనుకుందాం. ఇప్పుడు పలకను బోర్లించి, టార్చిలైటు ఏటవాలుగా పట్టి వెనక వైపు చూడండి. అసలు విషయమంతా వెనకే రాసి ఉంటుంది. కొమ్ము పొరలు పొరలుగా పెరుగుతుంది. గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఎండాకాలంలో వదిలేస్తుంది. ఇలా దశాబ్దాలు గడిచేసరికి కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. ఇనుప ఫ్రేము మాత్రం అలాగే ఉంటుంది. చాలా రివాల్వర్లలో పిడి అడుగున పలక కదలకుండా ఫ్రేముకి చిన్న పిన్ను ఉంటుంది. కుంచించుకున్న పలక ఒక పక్క ఆ పిన్నుకీ, ఇంకో పక్క స్క్రూకీ మధ్య బిగుసుకుపోతుంది. ఎవరైనా ఇంకొంచెం బిగిద్దామని స్క్రూ తిప్పగానే పొరల వెంట చీలిపోతుంది. మా చిన్నాన్న దాంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పైనుంచి చూస్తే పగులు స్క్రూ దగ్గర మొదలైనట్టు ఉంది. వెనక్కి తిప్పితే పిన్ను రంధ్రం అంచు ఒక పక్క నలిగి, మెరుస్తూ ఉంది. ఒత్తిడి అక్కడ ఉంది, పగులు ఇక్కడ తేలింది. ఆ రంధ్రాన్ని మెరుస్తున్న వైపు సన్న గుండ్రటి ఆకురాయితో వెంట్రుకవాసి పెద్దది చేశాం. అసలు రిపేరు అదే. పలక కింద ఫ్రేము తుప్పుపట్టి ఉబ్బినా ఇలాగే ఎత్తి పగలగొడుతుంది. ఆ తుప్పు సంగతి డీలర్‌కి చెప్పండి, ఫ్రేము మీద మీరు చేయి పెట్టొద్దు.

ఊడదీయడం గురించి కూడా డీలర్‌కి గుర్తు చేయండి. పలక అంచు కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే ఉన్న పగులు రెండవుతుంది. స్క్రూని కొన్ని చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్కపిడితో మెల్లగా తట్టాలి. అప్పుడు అవతలి పలక తనంతట తానే లేస్తుంది. తర్వాత ఇవతలి పలకను లోపలి నుంచి నెట్టొచ్చు.

ఇక శుభ్రం చేయడం. ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, అందరూ వదిలేసేదీ ఇదే. తుపాకీకి వేసిన నూనె ఏళ్ల తరబడి ఆ పగుల్లోకి దిగి ఉంటుంది. నాకు పని నేర్పిన పెద్దాయన మాట: "నూనె తాగీసిన కొమ్ముకి ఏ జిగురూ అంటదు బాబూ." చీపురుపుల్ల చివర దూది చుట్టి, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పగులు వెంట నడిపించండి. దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉండకూడదు. మొదటి దూది నల్లగా వస్తుంది. తర్వాతది టీ రంగులో వస్తుంది. మార్చుకుంటూ వెళ్లండి. దూది తెల్లగా వచ్చిందని అక్కడితో ఆపకండి, రాత్రంతా ఆరనిచ్చి పొద్దున మళ్లీ తుడవండి. లోపల దాగిన నూనె ఈలోగా పైకి పాకుతుంది, దూది మళ్లీ రంగు తేలుతుంది. ఆ రంగు పూర్తిగా ఆగిపోయే దాకా జిగురు మూత తీయొద్దు. నీళ్లలో మాత్రం నానబెట్టకండి, పలక ఉబ్బి వంకర తిరుగుతుంది. గళ్లలో పేరుకున్న మట్టి మెత్తటి టూత్‌బ్రష్‌తో పోతుంది.

ఆరాక జిగురు లేకుండానే వేళ్లతో నొక్కి చూడండి. పగులు మూసుకుంటోందా? మూసుకుంటే పని సులువు. పలక పై వైపు పగులుకి అటూ ఇటూ టేపు అంటించండి, లేకపోతే గళ్లలోకి జిగురు దిగి మెరుస్తుంది. పలచటి ఫెవిక్విక్‌ని సూది మొనతో వెనక వైపు నుంచి, ఒక్కో చుక్క పెట్టండి. పోయకండి. పగులు దానంతట అదే జిగురుని లాక్కుంటుంది. తెల్లటి గీత ఒక చివర నుంచి నల్లబడుతూ పోవడం కళ్లకి కనిపిస్తుంది. అది అవతలి చివరికి చేరిందంటే జిగురు లోపలంతా పాకినట్టు. వెంటనే పాలిథిన్ ముక్క చుట్టి, దాని మీద పాత సైకిల్ ట్యూబు పట్టీతో బిగించి వదిలేయండి. ఇనుప క్లాంపులు వద్దు, ఒత్తిడంతా ఒకే చోట పడుతుంది. గాలి ఆడే చోట చేయండి. మూసిన గదిలో జిగురు ఆవిరి నల్ల కొమ్ము మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది.

నొక్కినా మూసుకోకపోతే బలవంతం చేయకండి. బలవంతంగా మూసిన పగులు లోపలి ఒత్తిడితో కొన్నాళ్లకి మళ్లీ తెరుచుకుంటుంది. దానికి అరాల్డైట్, అంటే రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడండి. నిదానంగా గట్టిపడే రకం, అయిదు నిమిషాల రకం కాదు. అందులో నల్ల కొమ్ము పొడి కలపండి. ఏ కొమ్ము పనివాడి దగ్గరైనా నేల మీద ఆ పొడి కుప్పగా ఉంటుంది, అడిగితే కాగితంలో కట్టిస్తారు. పొడి ఒక్కటే అయితే నల్లదనం కాస్త తగ్గినట్టు ఉంటుంది, చిటికెడు దీపపు మసి కలిపితే సరిగ్గా కలుస్తుంది. మీ పలక తేనె రంగు కొమ్మయితే మసి వద్దు, వట్టి జిగురే బాగుంటుంది. పలక రెండు ముక్కలైనా అరాల్డైటే. ముక్కలు సరిగ్గా కూర్చుకోవడానికి టైము దొరుకుతుంది. విరిగిన అంచుల్ని మాత్రం ఆకురాయితో రుద్దకండి, అవి ఒకదానిలో ఒకటి కూర్చునేది ఆ గరుకు వల్లే.

ఫెవిక్విక్ దెబ్బకి తట్టుకోదు, పెళుసు. కాబట్టి వెనక ఆసరా కావాలి. పగులుకి అడ్డంగా వెనక వైపు కొద్దిగా గరుకు చేసి, సన్నటి పట్టుబట్ట ముక్కని అరాల్డైట్‌తో అంటిస్తే చాలు. ఆరాక అది ఫ్రేముకి గానీ, లోపల ఉన్న మెయిన్‌స్ప్రింగ్‌కి (పిడిలోని పెద్ద స్ప్రింగుకి) గానీ తగలకూడదు. తగిలితే పలక సరిగ్గా కూర్చోదు, మళ్లీ ఒత్తిడి మొదలవుతుంది. పలక అమర్చేటప్పుడు డీలర్‌తో ఇది తప్పకుండా చూపించుకోండి.

కొమ్ముని వేడి చేసి సాపు చేయొచ్చు కదా అని మీరు ఎక్కడో చదివే ఉంటారు. నిజమే, మా ఊళ్లో పనంతా వేడి మీదే నడుస్తుంది. కొమ్ము వేడికి మెత్తబడుతుంది, వంచి చల్లారేదాకా పట్టుకుంటే ఆ ఆకారంలో నిలుస్తుంది. కొత్త కొమ్ముకి అది బాగుంటుంది. గళ్లు చెక్కిన పాత పలకకి మాత్రం నేను వద్దంటాను. వేడి తగలగానే కొమ్ము తన పాత వంపు వైపు లాగుతుంది, గళ్ల పదును మొద్దుబారుతుంది. పలక బాగా వంకర తిరిగి ఫ్రేము మీద కూర్చోకపోతే మాత్రం వేరే దారి లేదు. ఆ పని అనుభవం ఉన్న చేతికే ఇవ్వండి, అది కూడా జిగురు పెట్టక ముందే. అతికించాక వేడి చేస్తే అతుకు వదిలేస్తుంది.

మెరుగు విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. జిగురు పొంగిన చోట మాత్రమే 400, 800, 1200 నంబరు ఎమెరీ పేపరుతో వరసగా రుద్ది, మెత్తటి బట్టతో తుడవండి. దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోండి. చివర్లో తేనెమైనం పలచగా పూయండి. కొబ్బరినూనె రాస్తే కొమ్ము నిగనిగలాడుతుంది నిజమే, కానీ రేపు ఇంకో పగులు వస్తే మళ్లీ ఆ నూనెతోనే కుస్తీ పట్టాలి.

దాచేటప్పుడు ఒక జాగ్రత్త. ఉన్నిని తినే పురుగు కొమ్మునీ తింటుంది. పలక మీద సన్నటి గాడులు, పక్కన పొడి కనిపిస్తే అది పురుగు పనే. తోలు ఒరలో ఏళ్ల తరబడి ఉంచడం కూడా మంచిది కాదు, తోలులోని ఆమ్లాలు ఇనుముని తింటాయి. మెత్తటి బట్టలో, వానాకాలం తేమ తగలని చోట ఉంచండి.

తిరిగి బిగించేటప్పుడు స్క్రూ పలక కదలకుండా ఆగేంత వరకే తిప్పాలి, ఆ తర్వాత ఒక్క రవ్వ కూడా వద్దు. నాన్నగారు ఇంకా దాన్ని కాలుస్తుంటే, కాల్చే రోజుకి వేరే చెక్క పలకలు డీలర్‌తో వేయించుకోండి. అతికిన కొమ్ము పలకలు ఆ అదురుకి పనికిరావు.

పలక వెనక వైపు ఫొటో ఒకటి, పక్క నుంచి వెలుతురు పడేలా తీసి పెట్టగలరా? పిన్ను రంధ్రం అంచు, స్క్రూ రంధ్రం రెండూ కనబడాలి. అది చూస్తే మీ పగులు ఏ ఒత్తిడి వల్ల వచ్చిందో, ఆకురాయి ఏ వైపు పెట్టాలో చెప్పగలను. అప్పటిదాకా జిగురు పెట్టకండి, స్క్రూ బిగించకండి.