రంగు కంటే ముందు తుప్పు సంగతి

వాహనాల నిర్వహణ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో ఈసారి ఎక్కువ భాగం రంగు పెచ్చులూడిన చోట్ల గురించి, అక్కడ మొదలయ్యే తుప్పు గురించి ఉన్నాయి. ఒకే రకమైన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: రాళ్లు ఎగిరి తగలడం వల్ల మా కారు బానెట్ ముందు అంచున నాలుగైదు చోట్ల రంగు పెచ్చులూడింది. వాటిలో ఒకటి గోధుమ రంగుకు తిరిగింది. టచప్ పెయింట్ సీసా కొని ఉంచాను. మూతకు ఉన్న కుంచెతో నేరుగా అద్దేయవచ్చా?

జవాబు: రంగు ఊడినా అడుగు శుభ్రంగా ఉన్న మచ్చల మీద, ఆ చోటును తుడుచుకుని అద్దవచ్చు. గోధుమ రంగుకు తిరిగిన దాని మీద మాత్రం అలా అద్దకండి. ఏది ఎలాంటిదో తెలియాలంటే కారును కడిగి, పూర్తిగా ఆరిన తరువాత, ఒక భూతద్దం పెట్టి ఒక్కొక్క మచ్చనూ నిదానంగా చూడండి. పెచ్చు ఊడిన గుంట అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. అన్నిటికంటే పైన గాజులా ఉండే సన్నని అంచు క్లియర్ కోట్, దాని కింద మీ కారు రంగు, ఆ కింద బూడిద రంగులోనో తెలుపులోనో ప్రైమర్ (రంగు గట్టిగా పట్టడానికి ముందుగా వేసే పూత), అట్టడుగున కర్మాగారంలో బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో పట్టించిన పొర ఉంటాయి. చాలా కార్లలో ఇవన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లకు మించవు; అంటే మిల్లీమీటరులో పదో వంతు, లేదా దానికి కాస్త ఎక్కువ. గుంట అడుగున ప్రైమర్ కనిపిస్తుంటే ఇనుప రేకు ఇంకా కప్పుకునే ఉన్నట్టు. వెండిలా మెరిసే చుక్క కనిపిస్తే రేకు బయటపడినట్టు. ఆ చుక్క గోధుమ రంగులో ఉంటే తుప్పు పని మొదలుపెట్టినట్టు.

తుప్పును రంగుతో కప్పేస్తే గాలి తగలక అదే ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. అది జరగదు. రంగు పొరలోంచి తేమ, ఆక్సిజన్ కొద్దికొద్దిగా లోపలికి చేరుతూనే ఉంటాయి. పొడిపొడిగా ఉండే తుప్పు ఆ తేమను, దానితోపాటు వచ్చిన ఉప్పును తనలో పట్టి ఉంచుకుంటుంది. పైగా ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న మంచి రంగును కూడా కింది నుంచి పైకి లేపుతుంది, లేచిన ఆ అంచు కిందకు మళ్లీ నీరు చేరుతుంది. అందువల్ల ఈ పనిలో సగానికి పైగా శ్రమ రంగు సీసా మూత తెరవడానికి ముందే అయిపోవాలని నా అభిప్రాయం.

ముందు ఆ చోటును మైనం, జిడ్డు లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బట్టతో తుడవండి. తరువాత తుప్పును గీకాలి. పెద్ద ఎమెరీ కాగితంతో రుద్దితే చుట్టూ ఉన్న మంచి రంగు కూడా పోతుంది కాబట్టి, 320 నంబరు కాగితాన్ని కందిగింజంత బిళ్లగా కత్తిరించి పెన్సిల్ వెనక ఉండే రబ్బరుకు అంటించుకోండి. పెన్సిల్‌ను గుంటలో నిలువుగా ఆనించి, వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ పోతే గోధుమ రంగు పొడి రాలి, అడుగున మెరుపు కనబడుతుంది. అంచున రంగు లేచి ఉంటే సూది మొనతో ఎత్తి చూడండి. పట్టు వదిలేసినదంతా ఊడి రావలసిందే. మచ్చ మొదటికంటే కొంచెం పెద్దదవుతుంది, దానికి దిగులు పడకండి.

మెరిసే రేకులో ఇంకా సూదిమొనంత నల్లని చుక్కలు మిగిలితే అవి లోపలికి దిగిన తుప్పు. వాటి మీద రస్ట్ కన్వర్టర్ ఒక చుక్క పెట్టాలి. ఇందులో ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ టానిక్ ఆమ్లం గానీ మిగిలిన తుప్పుతో కలిసి దాన్ని ముదురు రంగు గల స్థిరమైన పదార్థంగా మారుస్తుంది. కొన్ని రకాలను తరువాత నీటితో తుడవాలి, కొన్నింటిని అలాగే ఉంచాలి. సీసా మీద రాసిన విధంగానే చేయండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అయితే కన్వర్టర్ ఉంది కదా అని గీకడం తగ్గించకూడదు. మందపాటి తుప్పు పెచ్చుల అడుగు దాకా అది చేరదు.

శుభ్రం చేసిన రేకును మర్నాటికి వదిలేయవద్దు. గాలిలో తేమ ఉన్న రోజున గీకిన ఇనుము మీద కొన్ని గంటలలోనే మళ్లీ పలుచని ఎర్రదనం వస్తుంది. అదే రోజున తుప్పును అడ్డుకునే ప్రైమర్‌ను గుంట అడుగున మాత్రమే పలుచగా పెట్టండి. ప్రైమర్ ఆరాక రంగు. మూతకు ఉన్న కుంచె ఈ గుంటలకు మరీ పెద్దది. టూత్‌పిక్ మొనను రంగులో ముంచి, గుంట నడిమధ్యన తాకించి వదిలేస్తే రంగు తనంతట తాను అంచుల దాకా పాకుతుంది. ఆ పాకడం ఒకసారి చూస్తే కుంచె అక్కర్లేదని మీకే తెలుస్తుంది. మొదటి పూత ఆరాక గుంట మళ్లీ పల్లంగా కనిపిస్తుంది, ఎందుకంటే రంగులోని ద్రావకం ఆవిరై పొర కుంచించుకుపోతుంది. కాబట్టి గంటసేపు వ్యవధి ఇస్తూ మూడు నాలుగు పలుచని పూతలు పెట్టాలి. ఒకేసారి మందంగా పోస్తే పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, క్లియర్ కోట్‌ను కూడా అదే పద్ధతిలో, చుట్టూ ఉన్న ఉపరితలం కంటే వెంట్రుకవాసి ఎత్తు వచ్చేలా పెట్టండి. పని అంతా నీడలో, 15 నుంచి 30 డిగ్రీల మధ్య వేడిలో, వాన వాతావరణం లేని రోజున జరగాలి. ఎండకు కాలిన బానెట్ మీద రంగు పాకకముందే గట్టిపడిపోతుంది.

ఉబ్బెత్తుగా ఉన్న ఆ చుక్కను చదును చేయడానికి కనీసం వారం ఆగి, 2000 నంబరు, తరువాత 3000 నంబరు వాటర్ పేపర్‌తో సబ్బునీళ్లు పోస్తూ రుద్ది, కాంపౌండ్ అనే మెరుగు ముద్దతో మెరుగు పెడతారు. ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. చుట్టూ ఉన్న క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్లే. చేయి అలవాటు లేనివారు దాన్ని అరగదీసుకుంటే బానెట్ మొత్తానికి మళ్లీ రంగు వేయించవలసి వస్తుంది. దగ్గరికి వచ్చి చూస్తే తప్ప కనిపించని చిన్న బుడిపె ఉండిపోయినా ఇనుము భద్రంగా ఉంటుంది కాబట్టి, అనుభవం లేకపోతే ఈ చివరి పని మానేయమనే నా సలహా. మైనం మాత్రం ఒక నెల తరువాతే పూయండి.

ప్రశ్న: మాది తెల్ల కారు, కొని ఏడాది కూడా కాలేదు. ఒళ్లంతా ఆవగింజకన్నా చిన్న నారింజ రంగు చుక్కలు వచ్చాయి. రంగు ఎక్కడా ఊడలేదు. కొత్త కారు ఇలా తుప్పు పడుతుందా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి తుప్పు పడుతున్నది మీ కారు కాదు, దాని మీద వాలిన ఇనుప రజను. రైలు పట్టాలు, లోహపు కోత పనులు, బ్రేకుల అరుగుదల నుంచి గాలిలోకి లేచే సన్నని ఇనుప రేణువులు క్లియర్ కోట్‌లో గుచ్చుకుని, తడి తగలగానే తుప్పు పట్టి చుట్టూ నారింజ రంగు మరక చేస్తాయి. అన్ని రంగుల కార్ల మీదా ఇవి ఉంటాయి గాని తెలుపు మీద కంటికి కనబడతాయి. కడిగిన కారు మీద వేలి కొనలు ఆనించి జరిపితే గరుకుగా తగులుతుంది. ఐరన్ రిమూవర్ అనే ద్రవాన్ని నీడలో, చల్లగా ఉన్న బాడీ మీద చల్లితే ఆ రేణువులున్న చోటల్లా ఊదా రంగు చారికలు కారతాయి. అది ఎండిపోకముందే నీళ్లతో పూర్తిగా కడిగేయాలి. ఇంకా మిగిలినవి సబ్బునీటి తడి మీద క్లే బార్ అనే మెత్తని బంక ముద్దను మెల్లగా జరిపితే వచ్చేస్తాయి. వీటిని ఎమెరీ కాగితంతోనో గోటితోనో గీకకండి, టచప్ పెయింట్ అసలే వద్దు.

ప్రశ్న: వెనక డోరు కింది అంచున రంగు పొక్కులా ఉబ్బింది. రెండుసార్లు గీకించి రంగు వేయించాను. రెండుసార్లూ వానాకాలం గడిచేసరికి అదే చోట మళ్లీ ఉబ్బింది. పని సరిగా చేయలేదంటారా?

జవాబు: పైపని సరిగానే చేసి ఉండవచ్చు. పొక్కు పుట్టేది లోపలి వైపు నుంచి. డోరు అద్దం పక్కనుంచి దిగే వాననీరు లోపలే కారి, డోరు అడుగున ఉండే చిన్న రంధ్రాల గుండా బయటకు పోవాలి. అవి మట్టితో, ఆకుల చెత్తతో మూసుకుపోతే నీరు అడుగు మడతలో రోజుల తరబడి నిలుస్తుంది. నేనూ చాలాకాలం క్రితం నా పాత కారు డోరుకు ఇలాగే పైపైన గీకి, ఎంతో శ్రద్ధగా రంగు వేసి, మరుసటి వానలకు పొక్కు తిరిగి రావడం చూశాను. ఆ తరువాత డోరు తెరిచి ఒక సన్నని తీగతో అడుగు రంధ్రంలో పొడిస్తే, నల్లటి బురద నీరు దాదాపు ఒక గ్లాసెడు కారింది. అది చూశాకగానీ నాకు అసలు సంగతి బోధపడలేదు.

కాబట్టి ముందు రంధ్రాలు తెరవండి, డోరును పూర్తిగా ఆరనివ్వండి. ఆపై స్క్రూడ్రైవర్ మొనతో పొక్కును నొక్కి చూడండి. రేకు గట్టిగా ఉంటే మొదటి జవాబులో చెప్పిన పద్ధతే పెద్ద ఎత్తున చేసి, డోరు లోపలి మడతలోకి తుప్పు నిరోధక మైనాన్ని పిచికారీ చేయించాలి. మొన లోపలికి దిగిపోతే అక్కడ రేకు మిగలలేదు. దానిని లప్పంతో పూడ్చి రంగు వేస్తే కొన్నాళ్లు చూడటానికి బాగుంటుంది, లప్పం తేమను పీల్చుకుని తుప్పును ఇంకా తొందరపెడుతుంది. పాడైన రేకును కోసి కొత్త ముక్క అతికించడమే దారి. ఇదే తుప్పు డోరుకు కాకుండా ఛాసిస్‌కో, సస్పెన్షన్ బిగించిన చోటనో, డోర్ల కింద పొడవునా ఉండే పట్టెకో, సీటు బెల్టు బిగింపు దగ్గరో కనిపిస్తే ఇంట్లో ఏమీ చేయవద్దు. ప్రమాదంలో మిమ్మల్ని కాపాడవలసిన భాగాలవి, నిపుణుడికి చూపించండి.

ప్రశ్న: కలర్ కోడ్ చూసి కొన్నా మా వెండి రంగు కారు మీద టచప్ చేసిన చోటు ముదురుగా కనిపిస్తోంది. కోడ్ తప్పై ఉంటుందా?

జవాబు: కోడ్‌ను మరొకసారి సరిచూసుకోండి, అది సాధారణంగా డోరు తెరిస్తే కనిపించే స్తంభం మీద గానీ బానెట్ కింద గానీ ఉన్న పలక మీద ఉంటుంది. అది సరిపోయినా తేడా రావచ్చు. మెటాలిక్ రంగులో ఉండే సన్నని అల్యూమినియం పలుకులు పిచికారీలో ఒక తీరుగా, కుంచెతో పెట్టినప్పుడు మరో తీరుగా సర్దుకుంటాయి, వెలుగును వేర్వేరుగా తిప్పికొడతాయి. సీసా అడుగున పలుకులు పేరుకుంటాయి కాబట్టి రెండు మూడు నిమిషాలు బాగా ఊపి, ముందు ఒక కాగితం మీద పెట్టి, ఆరాక కారు పక్కన పట్టి చూడండి. తడి రంగును పోల్చవద్దు. క్లియర్ కోట్ ఇంకా పెట్టకపోతే, అది పెట్టి ఆరాక చూడండి. ముత్యపు మెరుపు ఉన్న రంగులకైతే చుక్క కనబడకుండా చేయడం ఇంట్లో సాధ్యం కాదు.

ప్రశ్న: అదే రంగు గోళ్ల రంగు దొరికింది. వాడవచ్చా?

జవాబు: రేకు బయటపడిన చోట వద్దు. గోళ్ల రంగు కొద్ది రోజులకోసారి తీసేయడానికి చేసినది. ఎండకు పెళుసెక్కి, రంగు మారి ఊడిపోతుంది, ఆలోపు దాని కింద తుప్పు పెరుగుతుంది.

ప్రశ్న: మోటార్ సైకిల్ ట్యాంకు మీద, మూత పక్కన రంగు ఊడి తుప్పు వచ్చింది. టచప్ చేస్తే కొద్ది రోజులకే మెత్తబడి జిగటగా అయింది. కారణం ఏమిటి?

జవాబు: పెట్రోలు. సీసాలలో, పెన్నులలో వచ్చే మామూలు టచప్ రంగులు గాలికి ఆరేవే గాని రసాయనికంగా గట్టిపడేవి కావు. నింపేటప్పుడు పెట్రోలు ఒలికిన ప్రతిసారీ కరుగుతాయి. మూత చుట్టూ నిలవాలంటే గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రెండు భాగాల క్లియర్ కోట్ కావాలి. దానిలోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు పిచికారీలో ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ముక్కుకు కట్టుకునే బట్ట వాటిని ఆపలేదు. అందుకని ఈ ఒక్క పూతను తగిన ముసుగు, గాలి ఏర్పాటు ఉన్న పెయింటర్ చేత వేయించండి. గీకి ప్రైమర్ వేసేంతవరకు మీరు చేసుకోవచ్చు, అయితే ట్యాంకును బండి నుంచి తీసి, పెట్రోలు వంపేసి, ఆవిరి పూర్తిగా పోయాకే ముట్టుకోండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే తేలికగా అంటుకుంటుంది. గీకడానికి కరెంటు గ్రైండర్ వాడకండి, చేత్తో తడి ఎమెరీ కాగితంతోనే రుద్దండి. మూత తీసినప్పుడు ఒక టార్చి వెలుతురుతో లోపలి గోడను కూడా చూడండి. అక్కడ కూడా గోధుమ రంగు పెచ్చులు ఉంటే బయటి మచ్చ సంగతి తరువాత, ముందు ట్యాంకు లోపలిని శుభ్రం చేయించాలి. ఆ పెచ్చులు రాలి ఇంధన వడపోతను మూసేస్తాయి. మూత కింది రబ్బరు వాషర్ బీటలు వారి ఉంటే దాన్ని కూడా మార్పించండి.