గూగుల్ 15 జీబీ నిండితే ఏం తీసేయాలి?

ప్రశ్న: స్టోరేజ్ నిండిందని నా జీమెయిల్‌కి మెయిళ్లు రావడం లేదు. ఖాళీ చేద్దామని గూగుల్ ఫోటోస్‌లో పాత వీడియోలు తీసేస్తే ఫోన్‌లోనూ పోయాయి. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ముందు ఆ వీడియోలు వెనక్కి తెచ్చుకోండి. బ్యాకప్ అయినవైతే 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. అక్కడ ‘రీస్టోర్’ నొక్కండి. బ్యాకప్ ఆన్‌లో ఉన్నప్పుడు ఫోటోస్‌లో డిలీట్ చేస్తే రెండు చోట్లా పోతుంది. అదే యాప్‌లోని ‘ఫ్రీ అప్ స్పేస్’ ఆప్షన్ ఫోన్‌ని మాత్రమే ఖాళీ చేస్తుంది, గూగుల్‌లో ఉన్న క్లౌడ్ కాపీ జోలికి పోదు. చాలామంది తడబడేది ఇక్కడే.

ఉచిత 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ పంచుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోదే. చాట్ బ్యాకప్ సెట్టింగ్‌లో వీడియోలు చేర్చే ఆప్షన్ ఆపేసి, మళ్లీ బ్యాకప్ చేయండి. వీడియోలు ఎక్కువుంటే దీంతోనే బాగా తగ్గుతుంది.

2021 జూన్ 1కి ముందు ‘హై క్వాలిటీ’ (సైజు కాస్త తగ్గించి దాచే సెట్టింగ్)లో ఎక్కించిన ఫోటోలు ఈ లెక్కలోకి రావు. వాటిని తీసేసినా జాగా మిగలదు, పిల్లల పాత ఫోటోలు అనవసరంగా పోగొట్టుకోకండి. గూగుల్ వన్ స్టోరేజ్ పేజీలో పెద్ద ఫైళ్లు వరసగా కనిపిస్తాయి. అవసరమైనవి కంప్యూటర్‌లో దించుకుని, తెరిచి చూశాకే తీసేయండి. డ్రైవ్, జీమెయిల్ ట్రాష్‌లూ ఖాళీ చేయాలి. లేదంటే 30 రోజులదాకా ఆ ఫైళ్లు లెక్కలోనే ఉంటాయి.