లైబ్రరీలో డిటెక్టివ్ నవల దొరకాలంటే ఎక్కడ వెతకాలి, ఎవర్ని అడగాలి

డిటెక్టివ్ నవలలంటే ప్రాణం, అన్నీ కొనుక్కోలేను, మా ఊరి లైబ్రరీకి వెళ్తే పేపర్లూ పోటీ పరీక్షల గైడ్లూ తప్ప ఏం కనపడట్లేదు, తర్వాత ఏ నవల చదవాలో అక్కడ ఎలా తెలుసుకోవాలి అని అడిగారు కదా. నేను చదివిన మిస్టరీల్లో చాలావరకు శాఖా గ్రంథాలయాల నుంచి తెచ్చుకున్నవే, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కాస్త పెద్దగానే ఉంటుంది.

ముందు ఒక మాట, నవలలు ఉన్నాయి. కనపడవంతే. ఈరోజుల్లో ఏ లైబ్రరీకి వెళ్లినా టేబుళ్ల నిండా గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే పిల్లలే ఉంటారు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ అయితే చెప్పక్కర్లేదు, పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు. వాళ్లకి ఆ చోటు కావాలి, నాకేం అభ్యంతరం లేదు. కానీ దాంతో ముందు రాక్‌లన్నీ వాళ్ల పుస్తకాలే అయిపోయి పాత నవలలు వెనకాల ఇనప బీరువాల్లోకి వెళ్లిపోయాయి, చాలా చోట్ల ఆ బీరువాలకి తాళం కూడా ఉంటుంది. అడిగితే తీస్తారు. అడిగేవాళ్లే తగ్గిపోయారు.

రెండోది, బీరువా తీశాక కూడా మిస్టరీలన్నీ ఒకచోట ఉంటాయని ఆశించకండి. మన లైబ్రరీల్లో ఎక్కువగా వాడే, విషయాన్నిబట్టి పుస్తకాలకి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు నవలలకీ కథలకీ కలిపి 894.8273 అని ఒకటే నంబరు, అందులో ప్రేమ కథా హత్య కథా అని తేడా ఉండదు, ఆ తర్వాత రచయిత పేరునిబట్టి సర్దుతారు, చిన్న లైబ్రరీల్లో అదీ ఉండదు, తిరిగొచ్చిన పుస్తకం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేస్తారు. అంటే బోర్డు చూసి వెళ్లి తీసుకునే పని కాదు ఇది, మనుషుల్ని అడిగి, పుస్తకం మీద ఉన్న గుర్తులు చూసి పట్టుకోవాల్సిన పని. మిస్టరీలు చదివేవాళ్లకి ఇది నచ్చుతుందనే నా నమ్మకం.

లైబ్రేరియన్‌ని అడిగేటప్పుడు "మంచి డిటెక్టివ్ నవల ఇవ్వండి" అంటే చేతికి ఏదొస్తే అది ఇస్తారు. మన దగ్గర డిటెక్టివ్ అనే పేరు కింద మూడు నాలుగు రకాలు కలిసిపోయి ఉన్నాయి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు ఉన్నాయి, అసిస్టెంట్ రాజు, మద్రాసు, ఒక నేరం జరగడం, ఆధారాలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోవడం. మధుబాబు గారి షాడో అలా కాదు, అది స్పై కథ, పరుగూ పోరాటమూ ఎక్కువ, హంతకుడెవరా అని ఆలోచించే పని తక్కువ. ఇక ఎనభైల్లో వారపత్రికల్లో సీరియల్స్‌గా వచ్చిన థ్రిల్లర్లు వేరే, వాటిలో క్షుద్రశక్తులూ చేతబడులూ కూడా ఉంటాయి. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారైతే క్రైమూ రాశారు, హాస్యమూ రాశారు, ఆధ్యాత్మికమూ రాశారు, పేరు చూసి తెచ్చుకుంటే ఏది వస్తుందో తెలీదు, వెనక అట్ట చదవాల్సిందే. అందుకని మీకు ఆఖరిగా నచ్చిన నవల పేరు చెప్పి, అందులో ఏం నచ్చిందో కూడా చెప్పండి, "చివరిదాకా ఎవరో తెలీకుండా ఉండాలి", "పోలీసులు కాకుండా మామూలు మనిషి కనిపెట్టాలి", "రక్తపాతం వద్దు" ఇలా. పాత లైబ్రేరియన్లకి ఏ పుస్తకం ఎవరు అడిగి తీసుకెళ్తారో బాగా గుర్తుంటుంది, వాళ్లు చదవకపోయినా సరే. వాళ్లకి తెలీకపోతే సాయంత్రం పేపర్ చదవడానికి వచ్చే పెద్దవాళ్లని అడగండి, రిటైరైన మాస్టార్లు, బ్యాంకు వాళ్లు ఉంటారు, ఆ తరం వాళ్లు పాకెట్ బుక్స్ అద్దెకి తెచ్చుకుని చదివినవాళ్లు, ఒక్క పేరు అడిగితే పది పేర్లు చెప్తారు. ఒకాయన నాకు కథ మొత్తం చెప్పబోయి సరిగ్గా హంతకుడి దగ్గర ఆగి "మీరే చదువుకోండమ్మా" అన్నారు, ఆ పుస్తకం ఆ రాత్రికే పూర్తి చేశాను.

ఎవరూ లేకపోతే పుస్తకమే చెప్తుంది. మొదట్లోనో చివర్లోనో తేదీల స్టాంపులు వేసిన చీటీ అతికించి ఉంటుంది చూడండి, నేను అట్ట కంటే ముందు అదే చూస్తాను. తేదీలు దగ్గర దగ్గరగా ఉన్నాయంటే ఒకరు తిరిగిచ్చీ ఇవ్వగానే ఇంకొకరు తీసుకెళ్లారని అర్థం. చీటీ నిండిపోయి దాని మీద ఇంకో చీటీ అతికించి ఉంటే ఇంకేం ఆలోచించకుండా తెచ్చేసుకోండి. ఆన్‌లైన్‌లో ఇచ్చే రేటింగ్‌ల కంటే నాకు దీని మీదే ఎక్కువ గురి, ఎందుకంటే ఈ చీటీలో ఎవరూ ఎవరికోసమూ స్టార్లు వేయరు, నచ్చి ఎవరితోనో చెప్తే వాళ్లు వచ్చి తీసుకెళ్తారు, అంతే. కంప్యూటర్లో ఇష్యూ చేసే చోట మాత్రం ఈ చీటీ ఉండదు, అక్కడ పుస్తకం వెన్ను చూడండి, నలిగి, బైండింగ్ మళ్లీ చేయించి ఉంటే అదే గుర్తు.

ఇంకోటి, చాలామందికి తెలీనిది, అక్సెషన్ రిజిస్టర్. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వచ్చిన వరసలో నంబరు వేసి అందులో రాస్తారు, పుస్తకం లోపల స్టాంపు పక్కన ఉండే నంబరు అదే. పుస్తకాలు ఒక్కొక్కటిగా కొనరు కదా, ఒకేసారి ఒక లాట్ వస్తుంది, కాబట్టి ఒకే పబ్లిషర్ వేసిన నవలలు పక్కపక్క నంబర్లలో పడే అవకాశం ఎక్కువ. మీకు నచ్చిన నవల నంబరు చూసుకుని, లైబ్రేరియన్ ఖాళీగా ఉన్నప్పుడు మర్యాదగా అడిగి, రిజిస్టర్లో దానికి పైనా కిందా ఉన్న పేర్లు రాసుకోండి. నేను పేరు కూడా వినని రచయితలు ఇలాగే దొరికారు. క్యాటలాగ్ లేని శాఖా గ్రంథాలయంలో ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

తెచ్చుకునే ముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి, ఇది చాలా ముఖ్యం! చదవకండి, పేజీ నంబర్లు మాత్రం చూడండి. పాత పుస్తకాలకి మొదట ఊడేది చివరి కాగితాలే, మిగతా నవలల్లో రెండు కాగితాలు పోయినా ఊహించుకోవచ్చు కానీ ఇక్కడ అవే ప్రాణం. అలాగే కొందరు మహానుభావులు మధ్యలో పెన్నుతో "వీడే హంతకుడు" అని రాసి పెడతారు, దయచేసి మీరు ఎప్పుడూ ఆ పని చేయకండి, పుస్తకంలో ఏమీ రాయకండి.

ఇంగ్లీషు పర్లేదు అనుకుంటే ఆ రాక్ కూడా చూడండి, దాన్ని ముట్టుకునేవాళ్లు తక్కువ కాబట్టి మంచి పుస్తకాలు అలాగే ఉండిపోతాయి. రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అని కలకత్తాలో 1972 నుంచి ఉంది, దేశమంతా పబ్లిక్ లైబ్రరీలకి పుస్తకాలు సమకూర్చే సంస్థ, దాని స్టాంపు ఉన్న పుస్తకాల్లో బెంగాలీ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన వ్యోమకేశ్ బక్షీ, ఫెలూదా అనే డిటెక్టివ్‌ల కథలు తగిలితే వదలకండి. కలకత్తా వీధులూ ఉమ్మడి కుటుంబాలూ ఆస్తి తగాదాలూ, మనకి బాగా తెలిసిన లోకమే. ఇంగ్లీషు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు షెర్లాక్ హోమ్స్‌లో నవలలు కాకుండా కథల నుంచి మొదలుపెడితే సుఖం, నవలలు నాలుగే, కథలు 56, ఒక్కో కథ ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది.

చిన్న లైబ్రరీలో అయిపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. పాత సంచికలు కావాలంటే ఇంకా పెద్దవి ఉన్నాయి, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, కానీ వాటికి వెళ్లేది ఇంటికి తెచ్చుకోడానికి కాదు, అక్కడే కూర్చుని చదవడానికి అని అనుకుని వెళ్లండి. సభ్యత్వానికి డిపాజిట్ పెద్దగా ఉండదు, మానేసేటప్పుడు తిరిగిస్తారు, ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లండి. శాఖా గ్రంథాలయాలు ఎక్కువగా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు, శుక్రవారం సెలవు, ఆ రోజు వెళ్లి తాళం చూసి తిరిగి రాకండి.

అడగడానికి మొహమాటపడేవాళ్లకి ఇంకో సంగతి. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. అంటే ఆ బీరువాలో పుస్తకాలు మన డబ్బుతో కొన్నవే, తాళం తీయమని ధైర్యంగా అడగండి, కావలసిన నవల లేకపోతే సూచనల పుస్తకం తెప్పించుకుని అందులో రాయండి. ఊరికే "డిటెక్టివ్ నవలలు కావాలి" అని కాకుండా పుస్తకం పేరు, రచయిత, పబ్లిషర్, ధర నాలుగూ రాయండి, కొనుగోలు లిస్టు తయారుచేసే రోజున వాళ్లకి అలా రాసినవే పనికొస్తాయి. మా శాఖలో నేనూ ఇంకో ఇద్దరు పాఠకులూ కలిసి ఒకే రచయిత పేరు రాస్తూ వచ్చాం, తర్వాత వచ్చిన లాట్‌లో ఆయన నవలలు వచ్చాయి. మీ ఊళ్లో కూడా మీలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు, ముందు ఆ తేదీల చీటీలో ఈమధ్య స్టాంపులు పడ్డ నవలలు ఎవరు తీసుకెళ్తున్నారో కౌంటర్లో అడిగి చూడండి.