రాత్రి ఫోటోల్లో గుండ్రటి వెలుగులు: మా పెరట్లో నేను చేసి చూసింది

పెళ్ళింట్లో రాత్రి తీసిన ఫోటోల్లో తెల్లటి గోళాలు పడ్డాయని, పెద్దవాళ్ళు భయపడుతున్నారని చెప్పి, అవేమిటని మీరు అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది.

తాతయ్య సంవత్సరీకం రాత్రి పెరట్లో చిన్న డిజిటల్ కెమెరాతో ఫ్లాష్ వేసి ఫోటోలు తీశాను. ఒకదాంట్లో నానమ్మ భుజం పక్కన అరచేతంత వెలుగు. "మీ తాత వచ్చాడురా" అని నానమ్మ కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య హడలిపోయి ఆ రాత్రి మళ్ళీ పెరట్లోకి రాలేదు. పెద్దది చేసి చూస్తే ఆ వెలుగులో ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు వలయాలున్నాయి. నన్ను తికమక పెట్టింది మాత్రం వేరే: దాని సగం నానమ్మ తెల్లచీర వెనక్కి పోయినట్టుంది. కెమెరా ముందు దుమ్మైతే మనిషి వెనక్కి ఎలా పోతుంది?

మర్నాడు రాత్రి అదే చోట స్టూలు మీద కెమెరా పెట్టి ఫ్లాష్ లేకుండా పది ఫోటోలు తీశాను. ఒక్క గోళం లేదు. ఫ్లాష్‌తో పది తీస్తే రెండింట్లో చిన్నవి పడ్డాయి. అప్పుడు తమ్ముడు కెమెరా ముందు గోనెసంచి దులిపాడు. ఫోటో నిండా వెలుగు బిళ్ళలే! సంవత్సరీకానికి జనం కూర్చోవాలని ఆ పొద్దునే పెరట్లో గడ్డివాము జరిపించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

చిన్న కెమెరాల్లో, ఫోన్లలో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. 3 మీటర్ల దూరంలోని మనిషి కన్నా 10 సెంటీమీటర్ల దూరంలోని ధూళికణం మీద 900 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. అంత దగ్గరిది ఫోకస్‌లో ఉండదు కాబట్టి చుక్క కాస్తా బిళ్ళలా పరుచుకుంటుంది. వాన తుంపర, మంచు, దోమ ఏదైనా అంతే. ఇక చీర సంగతి: పలచటి వెలుగు చీకట్లో కనిపిస్తుంది, తెలుపు మీద కలిసిపోతుంది. తెల్ల తువ్వాలు ఆరేసి మళ్ళీ సంచి దులిపిస్తే అలాంటి సగం బిళ్ళలు ఎన్నో పడ్డాయి.

ఇదంతా నానమ్మకు చూపించాను. ఓపిగ్గా విని, ఆ ఫోటో మాత్రం ఫ్రేము కట్టించమంది. కట్టించాను.

మీ ఫోటోల్లో ఎక్కడైనా వీధిదీపమో సీరియల్ బల్బో ఉంటే, ఫోటో మధ్యనుంచి దానికి సరిగ్గా ఎదురువైపు, అంతే దూరంలో వెలుగు పడిందేమో చూడండి. అది లెన్స్ లోపలి ప్రతిబింబం, దుమ్ము కాదు. అలా లేకపోతే ఈ రాత్రే అక్కడే ఫ్లాష్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి, పక్కపక్కన పెట్టి పెద్దవాళ్ళకు చూపించండి.