పెరటి కొబ్బరి చెట్టులో పారేయవలసినదేమైనా ఉందా?

పట్టణంలోని ఇంటి పెరట్లో రెండు కొబ్బరి మొక్కలు వేయవచ్చా, కాయలు తీసుకున్నాక మిగిలే చెత్తను ఏం చేయాలి అని మీరు అడిగారు. కోనసీమలో కొబ్బరి చెట్ల మధ్యనే పెరిగినదాన్ని కనుక నిశ్చయంగా చెబుతున్నాను: తప్పకుండా వేయండి, అందులో చెత్త అనదగినది దాదాపు ఏమీ ఉండదు.

పెరటికి దేశవాళీ పొడవు రకం కన్నా, అంబాజీపేట పరిశోధన స్థానం రూపొందించిన గోదావరి గంగ వంటి సంకర రకం మేలు. పొడవు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడితే, ఇది నాలుగేళ్ళకే వస్తుంది. చెట్టుకూ చెట్టుకూ 25 అడుగుల ఎడం ఉంచి, కమ్మ రాలినా కాయ పడినా మనిషికి తగలని చోటు ఎంచుకోండి.

నా దృష్టిలో కాయ తరువాత అంత విలువైనది డొక్క, అంటే కాయ పైనున్న పీచు తొక్క. మీటరు లోతు గొయ్యి తీసి, అడుగున డొక్కలను బోర్లించకుండా వెల్లకిలా పరచి మొక్క నాటితే, అవి నీటిని పట్టి ఉంచి వేసవిలో వేళ్ళను కాపాడతాయి. చెట్టు ఎదిగాక పాదులో కూడా ఇలాగే పూడ్చిపెడితే, వాటిలోని పొటాష్ తిరిగి ఆ చెట్టుకే చేరుతుంది. అందుకే ఇంటి చెట్టు డొక్కలను అమ్మవద్దంటాను. పీచు తీయగా రాలిన పొట్టును కుండీల్లో వాడేటట్లయితే, అందులోని లవణాలు పోయేలా ముందు రెండు మూడు సార్లు నీటితో కడగాలి.

కమ్మల నుంచి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టుకోవచ్చు, ఆకుతో తడికలు అల్లుకోవచ్చు, మట్టలు వంటచెరకుగా పనికివస్తాయి. అయితే వాటిని పేడతో కలిపి ఒక మూల కుళ్ళనివ్వకండి. కొమ్ము పురుగు అటువంటి కుప్పల్లోనే గుడ్లు పెట్టి, పెద్దదయ్యాక చెట్టెక్కి మొవ్వును, అంటే నడినెత్తిన ఉండే లేత చిగురును, తొలుస్తుంది. కొత్త ఆకులు త్రిభుజాకారంలో కత్తిరించినట్లు విచ్చుకుంటే పురుగు చేరినట్లే. లేత మొక్కల్లో మొవ్వు పక్కనున్న ఆకుల మొదళ్ళలో నాఫ్తలీన్ గోళీలు పెట్టి ఇసుకతో కప్పితే చాలావరకు దూరంగా ఉంటుంది.

కాయ పూర్తిగా ముదరడానికి 11, 12 నెలలు పడుతుంది. వాడకానికి మించిన కాయలను మేము డొక్క ఒలవకుండా అటక మీద నిలవ చేస్తాము. నెలలు గడిచి లోపలి నీరు ఇంకిపోయాక, చిప్ప నుంచి విడివడిన కురిడీ, అంటే ఎండిన కొబ్బరి గుండు, వస్తుంది, దాన్ని గానుగకు ఇస్తే మంచి నూనె. చిప్పలు బొగ్గుకూ గరిటెలకూ సరిపోతాయి. వయసు మళ్ళిన చెట్టును కొట్టవలసి వచ్చినా, దాని మొదలు వైపు కాండం గట్టిగా ఉండి పాకలకు దూలంగా, పంట బోదెల మీద వంతెనగా ఉపయోగపడుతుంది.