ఆ జాబితా ఏనాటిదో చూశారా?

ప్రశ్న: బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. విదేశాల్లో ఎంఎస్ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్షకని సీనియర్లు మూడున్నర వేల ఇంగ్లిష్ పదాల జాబితా ఇచ్చారు. రోజుకు యాభై బట్టీ పడుతున్నా వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ జాబితా ఏ కాలం నాటిదో ముందు చూసుకో తల్లీ. ఒకప్పుడు జీఆర్ఈలో ఒక పదం ఇచ్చి, దానికి వ్యతిరేకార్థం ఏదని అడిగేవారు. వేలకొద్దీ పదాలు వల్లె వేయడం అప్పటి అవసరం. 2011 ఆగస్టులో పరీక్ష మారి ఆ ప్రశ్నలు పోయాయి, జిరాక్సు కాపీలు మాత్రం పోలేదు! ఇప్పుడు ఖాళీలున్న వాక్యాలు, పేరాలు ఇస్తారు. 'ఆల్దో', 'డిస్పైట్' లాంటివి కనిపిస్తే మాట అడ్డం తిరుగుతోందని పసిగట్టాలి. అది తెలియకపోతే ఐదు ఆప్షన్ల అర్థాలూ వచ్చినా లాభం లేదు.

నా విద్యార్థులు ఎక్కువగా బోల్తా పడేది కొరుకుడుపడని పదాల దగ్గర కాదు, తెలుసనుకున్న వాటి దగ్గర. 'క్వాలిఫై' అనగానే అర్హత సాధించడం గుర్తొస్తుంది. పరీక్షలో అదే పదం, అన్న మాటకు షరతు తగిలించి తీవ్రత తగ్గించడం అనే అర్థంలో రావచ్చు. 'ఎనర్వేట్' చూస్తే ఎనర్జీ ఇచ్చేదనిపిస్తుంది, తీరా దాని అర్థం నీరసపరచడం. 'నాయ్‌సమ్'కు నాయిస్‌తో చుట్టరికమే లేదు, అది కంపు కొట్టేది లేదా హాని చేసేది. ఇలాంటివి విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసుకో. పక్కన తెలుగు అర్థంతో సరిపెట్టకుండా, ఆ పదం నీకు తగిలిన వాక్యం కూడా రాయి.

మరుపు గురించి బెంగ వద్దు. చదివింది ఎంత వేగంగా జారిపోతుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ప్రకటించాడు. యాభై మానేసి రోజుకు పదిహేను పెట్టుకో. మర్నాడు, నాలుగో రోజు, వారం తర్వాత మళ్లీ చూడు. అర్థం మూసిపెట్టి ముందు నోటితో చెప్పు, ఆ తర్వాతే తెరువు. ఊరికే చదువుకుంటూ పోతే అన్నీ వచ్చినట్టే ఉంటుంది.

అడక్కపోయినా ఒకటి చెబుతాను. ఈ పదాలు తీసుకెళ్లి, ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో యూనివర్సిటీకి రాసిచ్చే ఎస్‌ఓపీలో గుప్పించకు. 'ప్లెథోరా' (కుప్పలుతెప్పలు) కనిపించని ఎస్‌ఓపీ నా చేతికి వచ్చి చాలా కాలమైంది.

ఇంకో సంగతి, చాలా యూనివర్సిటీలు ఇప్పుడు ఎంఎస్‌కు జీఆర్ఈ అడగడం లేదు. నువ్వు అప్లై చేయాలనుకుంటున్న వాటిలో ఎన్ని అడుగుతున్నాయో వాటి వెబ్‌సైట్లలో ఈ వారమే చూసుకో. ఫీజు ఆ తర్వాత కట్టొచ్చు.