‘మాయమైన’ అన్న మాట కొట్టెయ్, తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొహమాటపడకుండా చెప్పండక్కా అన్నావు కాబట్టి మొదటి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. “వెయ్యేళ్ల కిందట ఒక్కసారిగా మాయమైపోయిన మాయా నాగరికత” అని రాశావు. అది తీసెయ్. చెవికి ఇంపుగానే ఉంది, తెలుగులో ఆ రెండు మాటలూ వాటంతట అవే వచ్చి పక్కపక్కన కూర్చుంటాయి, కానీ అది నిజం కాదు. నేనూ ఇదే తప్పు చేశాను. ఇరవై ఏళ్ల కిందట ఒక వారపత్రికకి రాసిన వ్యాసానికి దాదాపు ఇదే పేరు పెడితే, అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు రాశాడు: “వాళ్లు మాయమైపోతే ఇవాళ గ్వాటెమాలలో ఆ భాషలు మాట్లాడుతున్నది ఎవరండీ?” ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. గ్వాటెమాల, దక్షిణ మెక్సికో, బెలీజ్, హోండురస్‌లలో ఇవాళ 60 లక్షలకు పైగా మాయా జనం ఉన్నారు, 30 దాకా మాయా భాషలు బతికే ఉన్నాయి.

మరి కూలిందేమిటి? దక్షిణపు పల్లపు అడవుల్లోని రాజుల పాలన, వాళ్ల నగరాలు, తేదీలు వేసి శాసనాలు నిలబెట్టే ఆచారం. అది కూడా సుమారు క్రీ.శ. 750 నుంచి 900 దాకా, 150 ఏళ్లు పట్టింది. అంటే ఐదారు తరాలు. తాత చూసిన ఊరు వేరు, మునిమనవడు చూసిన ఊరు వేరు, మధ్యలో ఏ ఒక్క రోజునా ఇదిగో కూలిపోయాం అని ఎవరూ అనుకుని ఉండరు. నీ వ్యాసంలో నాకు కావలసింది ఆ నెమ్మది.

రెండు చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. మయసభ కట్టిన మయుడి సంతతే వీళ్లని ‘అంటారు’ అని రాశావు. అంటారు సరే, నువ్వేమంటావు? పేరులో పోలిక తప్ప ఇంకే ఆధారమూ లేదు. అది రాస్తే ఆ రాళ్లు మోసిన మనుషుల కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో వేసినట్టవుతుంది. అలాగే యుగాంతం పేరా కూడా వద్దు. 2012 డిసెంబర్ 21న వాళ్ల కాలం లెక్కలో 13వ బక్తున్ నిండింది, బక్తున్ అంటే 1,44,000 రోజులు. ఆ తర్వాత వేల ఏళ్లకి వచ్చే తేదీలు కూడా పలెంకె అనే మాయా నగరపు శాసనాల్లో చెక్కి ఉన్నాయి. ఆ ఏడాది మన టీవీల వాళ్లు పెట్టిన టెన్షన్‌కీ మాయా జనానికీ సంబంధం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పతనానికి కారణాలని కరువు, యుద్ధాలు, అడవుల నరికివేత, జనాభా అని నాలుగూ వరసగా పెట్టావు, ఒక్కోదానికి సరిగ్గా ఒక్కో పేరా. పరీక్ష జవాబులా ఉంది. ఏ కారణం ఏ ఊరికి, ఎప్పుడు, దేన్ని తోసుకుంటూ వచ్చిందో చూడు. నగరాలన్నీ కలిసి ఒక్క సామ్రాజ్యం కాదు కదా, ప్రతి ఊరికీ ఒక రాజు, ఒక పగ. 695లో టికాల్ రాజు హసావ్ చాన్ కావీల్ తన పాత శత్రువు కలక్‌ముల్‌ని ఓడించాడు, అప్పటికి ఆ రెండు ఊళ్ల వైరం వంద ఏళ్లు దాటింది. అంచేత ఊరూరికీ వెళ్లి అడగాలి.

డోస్ పిలాస్‌కి వెళ్లు. 761 ప్రాంతంలో అక్కడి రాజుని తరిమేశారు. మిగిలిన జనం ఏం చేశారో తెలుసా, రాజభవనాల రాళ్లు, గుడి రాళ్లు పీకి, ఊరి మధ్య మైదానంలో హడావిడిగా గోడ కట్టుకున్నారు, ఆ గోడని శాసనాలు చెక్కిన మెట్ల మీదుగానే పోనిచ్చారు. తమ రాజుల కథ రాసి ఉన్న మెట్ల మీద! ప్రాణం మీదికొచ్చినప్పుడు చరిత్ర కూడా రాయే అవుతుంది. ఇది కరువు బాగా ముదరక ముందు సంగతి, కాబట్టి కరువొక్కటే చంపింది అనే వాక్యం ఇక్కడ నిలబడదు.

తర్వాత టికాల్. దగ్గర్లో నది లేదు, ఏడాదిలో నాలుగైదు నెలలు సరిగ్గా వాన ఉండదు. అయినా అంత ఊరు ఎలా బతికిందంటే చెరువుల మీద. మైదానాలకి గట్టిగా సున్నం పూసి, వాలుగా చేసి, పడ్డ ప్రతి చినుకూ చెరువులోకి జారేలా కట్టారు. వానదేవుడు చాక్‌కీ జనానికీ మధ్య నిలబడేవాడు రాజు, ఆయన్ని దైవసమానుడిగా కొలిచింది అందుకే. వాన పడినన్నాళ్లూ ఆ మాట చెల్లింది. ఉత్తరాన యుకటాన్ ద్వీపకల్పంలోని చిచన్‌కనాబ్ సరస్సు అడుగు మట్టిలో ఆ కాలపు జిప్సం పొరలున్నాయి, నీళ్లు ఇగిరిపోయినప్పుడు పేరుకునేవి. వాటిని బట్టి 2018లో వేసిన లెక్క ప్రకారం ఆ కరువుల్లో వాన సగటున సగానికి పడిపోయింది, మరీ తీవ్రమైనప్పుడు 70 శాతం దాకా తగ్గింది. ఇంకోటి, 2020లో టికాల్ కోట పక్క చెరువుల అడుగు మట్టి పరీక్షిస్తే పాదరసం, విషపు నాచు ఆనవాళ్లు దొరికాయి. గోడలకీ సమాధులకీ వాడిన ఎర్ర రంగులో పాదరసం ఉంటుంది, అది వానతో కొట్టుకొచ్చి రాజు తాగే నీళ్లలోనే కలిసింది. నీళ్లు తెప్పిస్తానని గద్దె మీద కూర్చున్నవాడి చెరువే చెడిపోతే ఆయన మాట ఎవరు వింటారు? నీ నాలుగు కారణాలూ ఈ ఒక్క చెరువు గట్టు మీద కలుస్తాయి చూడు. రాయాల్సింది అక్కడ నిలబడి.

టికాల్‌లో చివరి శాసనం 869 నాటిది. ఆ తర్వాత కూడా కొంత జనం అక్కడే ఉన్నారు, రాజభవనం గదుల్లో కాపురాలు పెట్టారు, చెత్త ఆ గదుల్లోనే పోసుకున్నారు. నన్నడిగితే ఏ పిరమిడ్ ఫొటో కన్నా ఆ చెత్తకుప్పే ఎక్కువ చెబుతుంది.

ఇక హోండురస్‌లో కోపాన్. అక్కడ 822లో ఉకిట్ టూక్ అనే కొత్త రాజు కోసం ఒక రాతిపీఠం మొదలుపెట్టారు. ఒక పక్క చెక్కడం అయింది, ఇంకో పక్క మొదలుపెట్టి వదిలేశారు, మిగతావి నున్నగా ఖాళీగా ఉన్నాయి. శిల్పికి కూలి ముట్టలేదో, రాజే పారిపోయాడో, ఏదైనా కానీ, ఒక మనిషి ఆ రోజు ఉలి కింద పెట్టి వెళ్లి మళ్లీ రాలేదు. వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదన్నావుగా, నేనైతే ఆ రాయి దగ్గర మొదలుపెడతాను.

దక్షిణం ఖాళీ అవుతున్న ఆ రోజుల్లోనే, అంతకన్నా పొడి నేల అయిన ఉత్తరాన ఉష్మల్, చిచెన్ ఇట్సా ఎదిగాయి. ఇది నీ వ్యాసంలో అసలు లేదు. చివరి మాయా రాజ్యం, సరస్సు మధ్య దీవిలో ఉన్న నోహ్‌పెటెన్, స్పెయిన్ సైన్యానికి లొంగింది 1697లో. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన పదేళ్ల తర్వాత. ఇప్పుడు చెప్పు, వెయ్యేళ్ల కిందటే మాయమయ్యారని ఎలా రాస్తాం?

ఎదుగుదల గురించి రాసిన భాగం బాగుంది, కొద్దిగా సరిచెయ్ చాలు. ఎత్తులు, అడుగులు తగ్గించి చేతుల గురించి రాయి. ఇనుప పనిముట్టు లేదు, బరువు లాగే ఎద్దు లేదు, గుర్రం లేదు. సున్నపురాయి కాల్చి సున్నం చెయ్యడానికి కట్టెలు, పోడు కొట్టి మొక్కజొన్న వెయ్యడానికి అడవి. 2018లో విమానం నుంచి లేజర్ కిరణాలతో గ్వాటెమాలలోని పెటెన్ అడవిలో 2,100 చదరపు కిలోమీటర్లు కొలిస్తే, చెట్ల కింద 60,000కు పైగా కట్టడాలు బయటపడ్డాయి. ఇళ్లు, రోడ్లు, కాలువలు, మెట్ల పొలాలు. నిర్జనమైన అడవి అని రాసిన చోట ఇది గుర్తుపెట్టుకో.

లిపి గురించి రెండే వాక్యాలు రాయడం నాకు బాధేసింది. తెలుగువాడికి ఇంత సులువుగా అర్థమయ్యే విషయం ఇందులో ఇంకోటి లేదు. మన గుణింతంలో క, కి, కు ఎలాగో వాళ్లకీ అలా అచ్చు కలిసిన అక్షరాలున్నాయి. బలామ్ అంటే పెద్దపులిలాంటి జాగ్వార్. తల బొమ్మ వేసి ఒక్క గుర్తుతో రాయొచ్చు, లేదా బ-ల-మ అని మూడు అక్షరాల్లో రాయొచ్చు, చివరి అచ్చు పలకరు. 1562లో మాని అనే ఊళ్లో డియెగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి వాళ్ల పుస్తకాలు తగలబెట్టించాడు, అది చూసి వాళ్లు ఎంతో కుమిలిపోయారని తనే రాసుకున్నాడు. ఇవాళ మిగిలినవి నాలుగు. అదే లాందా తర్వాత ఒక మాయా పెద్దమనిషిని కూర్చోబెట్టి స్పానిష్ అక్షరాల పేర్లు ఒక్కొక్కటీ పలికి, మీ లిపిలో రాయమన్నాడు. ఆయన చెవికి ఎలా వినబడితే ఆ గుణింతం రాసిచ్చాడు. చివరికి ఏదైనా ఒక వాక్యం రాయమంటే ‘మా ఇన్ కాతి’ అని రాశాడు. “నాకు ఇష్టం లేదు” అని. 1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరి క్నోరోజోవ్ అనే పండితుడు ఆ జాబితా పట్టుకునే ఇది అక్షరమాల కాదు, గుణింతం అని తేల్చాడు. 1960లో తత్యానా ప్రోస్కురియాకోవ్ అనే పరిశోధకురాలు శాసనాల తేదీలు పోల్చి చూసి, అవి దేవుళ్ల కథలు కావు, రాజుల పుట్టుకలూ పట్టాభిషేకాలూ అని చూపించింది. అప్పటిదాకా వీళ్లని నక్షత్రాలు చూసుకుంటూ బతికిన శాంతమూర్తులని నమ్మేవారు. లిపి చదివాకే వాళ్లు మనుషులయ్యారు.

ఒక్క కష్టమైన పేరా కూడా ఉండాలి. 1960 నుంచి 1996 దాకా గ్వాటెమాల అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. 1999లో వచ్చిన నిజనిర్ధారణ సంఘం నివేదిక ప్రకారం, గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా జనం. నువ్వు మాయమైపోయారని రాసినవాళ్ల మనవలే వీళ్లు. ఆ మాట మీద నాకింత పట్టు ఎందుకో ఇప్పుడు తెలిసిందనుకుంటాను.

మొత్తం తిరగరాయాలని కంగారు పడకు. ముందు కోపాన్ పీఠం, టికాల్ చెరువు, ఈ రెండు పేరాలు రాసి పంపు. పేరు సంగతి చివర్లో చూద్దాం. వచ్చే ఆదివారం దాకా నేను ఊళ్లోనే ఉంటాను, మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చెయ్యి.

అక్క